ఊళ్లో పొలం కౌలుకిచ్చి దూరంగా ఉంటున్న భూయజమానులకు బహిరంగ లేఖ

అయ్యలకు, అమ్మలకు నమస్కారం.

హైదరాబాద్‌లో, బెంగళూరులో, డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉంటూ గోదావరి డెల్టాలోనో, కృష్ణా డెల్టాలోనో, సాగర్ ఆయకట్టులోనో మీ పేరు మీద పొలం ఉన్న మీ అందరికీ ఈ ఉత్తరం. ఇలాంటివి ప్రభుత్వానికి రాయాలి గానీ మాకెందుకు అంటారేమో. ప్రభుత్వాలకు చాలామందే రాశారు. కమిటీలు వేశారు, అవి నివేదికలూ ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతు చేతికి, బ్యాంకు అప్పుకీ బీమాకీ పనికొచ్చే సాగుదారు కార్డు రావాలంటే దాని మీద పొలం గలవాళ్ల సంతకం ఉండాలి. ఆ సంతకం చెయ్యాల్సింది మీరు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

నేనెవరో కూడా చెప్పాలి. బ్యాంకులో పంట రుణాలు చూసి రిటైరయ్యాను. మా నాన్నగారి వాటాగా వచ్చిన కొద్దిపాటి మాగాణి నేనూ కౌలుకే ఇచ్చాను. కాబట్టి మీ భయాలు నాకు తెలుసు, బ్యాంకు మేనేజరు ఎదురుగా నిలబడ్డ కౌలు రైతు ముఖం ఎలా ఉంటుందో కూడా తెలుసు.

మనవాళ్లు చేసే మంచి పనుల్లో ఆకలికి ఎప్పుడూ పెద్ద పీటే. పిల్లల పుట్టినరోజుకి అనాథాశ్రమంలో భోజనాలు, పెద్దల తద్దినానికి ఊరి గుళ్లో అన్నదానం, ఎక్కడైనా కరువొస్తే చందాలు. ఇవన్నీ జరగాలి, వద్దనేవాణ్ని కాదు. అయితే ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లెవరో ఒక్కసారి చూడండి. 2024లో దాదాపు 67 కోట్ల మందికి కడుపు నిండా తిండి లేదని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. వాళ్లలో ఎక్కువమంది నగరాల్లో రోడ్ల పక్కన ఉంటారని మనం అనుకుంటాం. 2005లో ఐక్యరాజ్యసమితి కోసం పనిచేసిన నిపుణుల బృందం తేల్చింది వేరు: ఆకలితో ఉన్నవాళ్లలో సుమారు సగం మంది చిన్న రైతులే, మరో ఐదో వంతు సెంటు భూమి లేని పల్లెజనం. తిండి పండించేవాళ్ల ఇళ్లలోనే తిండికి కరువన్నమాట.

భూమి ఎవరి చేతిలో ఉందో, దేనికి వాడుతున్నారో చూస్తే ఇందులో వింతేమీ కనిపించదు. ప్రపంచంలోని కమతాల్లో నూటికి 84 ఐదెకరాల లోపువే. అవన్నీ కలిపినా సాగుభూమిలో వాటి వాటా 12 శాతం దగ్గరే ఉంది. ఆ కాస్త నేల మీదే ఈ చిన్న రైతులు ప్రపంచ తిండిలో మూడో వంతు పండిస్తున్నారు. పైనున్న ఒక్క శాతం పెద్ద కమతాల కింద మాత్రం 70 శాతం భూమి ఉంది. వాడకం సంగతికొస్తే, వ్యవసాయ భూమిలో ముప్పాతిక పశువుల మేతకూ దాణాకూ పోతోంది. దాన్నుంచి మనుషులకు దక్కే కేలరీలు ఐదో వంతు కూడా లేవు.

ఇథియోపియాలోని గాంబెల్లా సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2008లో ప్రపంచమంతా ఆహారధాన్యాల ధరలు పేలిపోయాక బయటి కంపెనీలు ఆఫ్రికా భూముల కోసం ఎగబడ్డాయి. బెంగళూరుకి చెందిన కరుటూరి గ్లోబల్ సంస్థకు అక్కడి ప్రభుత్వం లక్ష హెక్టార్లు, అంటే దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు, నామమాత్రపు అద్దెకు లీజుకిచ్చింది. బాగా సాగు చేస్తే మూడు లక్షల హెక్టార్ల దాకా ఇస్తామంది. అదంతా ఖాళీ భూమి అని కాగితాల్లో రాసుకున్నారు. నిజానికి అక్కడి అనువాక్ జనం తరతరాలుగా ఆ నేలను మార్చి మార్చి సాగు చేసుకుంటున్నారు, పశువుల్ని మేపుకుంటున్నారు, అడవిలో కాయలూ గడ్డలూ ఏరుకుంటున్నారు. బీడుగా వదిలిన చెక్కలోనే కొన్నేళ్ల తర్వాత మళ్లీ విత్తేవాళ్లు. అయితే వాళ్ల పేరు ఏ రికార్డులోనూ లేదు. ఆ దేశంలో లక్షలమంది విదేశీ తిండి సాయం మీద బతుకుతున్న రోజుల్లోనే ఈ లీజులన్నీ జరిగాయి. కంపెనీ ఆ భూమిలో చిన్న ముక్క తప్ప సాగులోకి తేలేకపోయింది. 2015 చివర్లో ఒప్పందం రద్దయింది.

ఇంత దూరం వెళ్లి ఈ కథ ఎందుకు చెప్పానంటే, సాగు చేసేవాడి పేరు ఎక్కడా రాయకపోతే వాడు లేనట్టే లెక్క అన్న పద్ధతి మన ఊళ్లోనూ నడుస్తోంది కాబట్టి. 2019లో కేంద్రం చేయించిన జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని కమతాల్లో నూటికి 40కి పైగా కౌలు భూమి ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద అది 17 శాతమే. తెలంగాణలో రైతుల హక్కుల కోసం పనిచేసే రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వే ప్రకారం ప్రతి వందమంది రైతుల్లో 36 మంది కౌలుదారులు. ఇంతమంది ఉన్నా 2020లో తెలంగాణలో కొత్త రెవెన్యూ చట్టంతో భూముల ఆన్‌లైన్ రికార్డు ధరణి వచ్చినప్పుడు, ఊరి సాగు లెక్క రాసే పహాణీలో ఉండే సాగుదారు కాలమే ఎగిరిపోయింది. పట్టాదారు తప్ప పొలంలో ఇంకో మనిషి కనబడకుండా పోయాడు.

మన దగ్గర జనం పస్తులుంటున్నారా అని మీరు అడగొచ్చు. లేదు, అంత మాట అనను. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం దగ్గర్నుంచి నేటి ఉచిత బియ్యం దాకా రేషన్ పుణ్యమా అని అన్నానికి లోటు లేదు. అన్నంలోకి ఏముందన్నదే అసలు సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు ఆంధ్రలో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. దేశానికి అన్నం పెట్టే డెల్టా ఉన్న రాష్ట్రం ఇది! పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర కొనడానికి డబ్బు మిగలాలి. అది ఎందుకు మిగలడం లేదో లెక్క వేసి చూపిస్తాను. నాకు తెలిసిన గోదావరి జిల్లా ఊళ్ల లెక్క ఇది. మీ ఊళ్లో నాలుగు బస్తాలు అటూ ఇటూ ఉండొచ్చు.

మంచి నీటి వసతి ఉన్న ఎకరం తీసుకోండి. అన్నీ కలిసొస్తే సార్వాలో (వానాకాలం పంట) 30 బస్తాలు, దాళ్వాలో (రెండో పంట) 44. బస్తా అంటే 75 కిలోలు. మొత్తం 74 బస్తాల్లో మనకిచ్చే కౌలు 30. అంటే సార్వా గింజలన్నీ మనవే, వాడి ఆశంతా దాళ్వా మీదే. మిగిలిన 44 బస్తాలకు 2025–26 మద్దతు ధర, క్వింటాలుకు 2,369 రూపాయలు, పూర్తిగా దక్కితే 78 వేలు. రెండు పంటలకు దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను అన్నీ కలిపి పెట్టుబడి 60 వేలకు తక్కువుండదు. మిగిలింది 18 వేలు.

ఇక్కడే కాగితం సంగతి వస్తుంది. కార్డు ఉన్నవాడికి పంట రుణం ఏడు శాతం వడ్డీకి వస్తుంది. పంటకు 30 వేల చొప్పున ఆరేసి నెలలకు రెండు పంటల వడ్డీ కలిపి రెండు వేల రూపాయలు. కార్డు లేనివాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి మందుల కొట్టులోనో, ధాన్యం కమీషన్ వ్యాపారి దగ్గరో తెస్తాడు. వాడికి అదే అప్పుకి ఏడు వేలు దాటుతుంది. ఆ అప్పు ఊరికే రాదు, పంట తనకే అమ్మాలన్న షరతుతో వస్తుంది. పైగా ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ప్రభుత్వ నమోదు ఈ-క్రాప్‌లో తన పేరు లేకపోతే కొనుగోలు కేంద్రంలో ధాన్యం పెట్టలేడు, పెట్టినా డబ్బులు పట్టాదారు ఖాతాలో పడతాయి. తేమ ఎక్కువుందని, నూక వస్తోందని వ్యాపారి బస్తాకి 150 తగ్గిస్తే 44 బస్తాలకు ఇంకో ఆరున్నర వేలు పోయినట్టే. 18 వేల మిగులు కాస్తా నాలుగు వేలకు దిగుతుంది. ఐదెకరాలు చేసేవాడికి ఏడాదంతా భార్యాభర్తలిద్దరూ ఒళ్లు వంచితే 20 వేలు. అందులోనే పిల్లల ఫీజులు, అత్తగారి బీపీ మాత్రలు, సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తే పెట్టే ఖర్చు. ఇంక గుడ్డు ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి.

ఇదంతా పంట బాగా పండిన ఏడాది మాట. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు పొలాల్లోనే నానాయి. అలాంటప్పుడు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ ఎవరికి వెళ్తుంది? సాగు నమోదులో ఎవరి పేరుంటే వాళ్లకి. మా ఊరి పక్క ఊళ్లో ఒకాయన ఖాతాలో ఆ డబ్బు పడితే, "పొలం నాది కదా" అని ఉంచేసుకున్నాడు. మునిగిన పంట తనది కాదని ఆయనకు తెలుసు. కౌలు మాత్రం బస్తా కూడా తగ్గించలేదు. ఆయన చెడ్డవాడని చెప్పలేను, ఊళ్లో అడిగితే అందరూ పెద్దమనిషనే అంటారు. చట్టమే ఆ డబ్బు ఆయన చేతిలో పెడుతోంది మరి.

తెలంగాణలో రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలిచ్చే రైతు బీమా 2018 ఆగస్టులో వచ్చింది. అదీ పట్టాదారుకే. అదే ఏడాది రైతు స్వరాజ్య వేదిక, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ కలిసి తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలను అధ్యయనం చేస్తే, నాలుగింట మూడు కౌలు రైతులవే అని తేలింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. నేను వేరే వ్యాఖ్యానం రాయను.

ఇప్పుడు మీ భయం గురించి. "కాగితం మీద వాడి పేరెక్కితే పొలం పోతుంది." ఈ మాట మీ నాన్నగారు చెప్పి ఉంటారు, వాళ్ల నాన్నగారు వాళ్లకి చెప్పి ఉంటారు. ఇది గాల్లోంచి పుట్టిన భయం కాదు. హైదరాబాద్ రాష్ట్రంలో 1950 కౌలు చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది, తర్వాత ఆ చట్టంలోని 38ఈ సెక్షన్ కింద ఇచ్చిన సర్టిఫికెట్లతో వాళ్లలో కొందరు నిజంగానే యజమానులయ్యారు. ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలు చట్టం, దాని సవరణలు కౌలుకి కనీసం ఆరేళ్ల గడువూ, కౌలు మొత్తానికి పరిమితీ పెట్టాయి. అప్పటి భూస్వాములు చేసిందేంటి? కాగితం మానేసి నోటిమాటకు దిగారు. ఏటేటా మనిషిని మార్చారు. పేదవాడిని కాపాడాలని తెచ్చిన చట్టం చివరికి వాడి పేరే పుస్తకాల్లోంచి తుడిచేసింది. ఈ తప్పులో వాటా చట్టం రాసినవాళ్లదీ, దాని సందులు వెతుక్కున్న మన పెద్దలదీ.

2019 చట్టం ఆ భయాన్ని చూసే రాశారు. ఒప్పందం 11 నెలలకే. కార్డు పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి, ధాన్యం అమ్ముకోడానికి మాత్రమే పనికొస్తుంది. పొలం మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. 12 ఏళ్లు దున్నితే పొలం వాళ్లదైపోతుందని రచ్చబండ దగ్గర చెప్పే లాయర్లు చాలామంది ఉంటారు. యజమాని అనుమతితో సాగు చేసుకునేవాడికి ఆ సూత్రం వర్తించదు. నిజం చెప్పాలంటే రాతపూర్వక కౌలు ఒప్పందం మిమ్మల్నే కాపాడుతుంది. అందులో సంతకం పెట్టినవాడు పొలం మీదేనని ఒప్పుకున్నట్టే, రేపు కోర్టులో కాదనలేడు. సంతకం లేని నోటిమాట దగ్గరే మీకు అసలు టెన్షన్ ఉండాలి.

ఇంకో భయం ఉంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. మీ పాస్‌బుక్ మీద మీరే పంట రుణం తీసుకున్నారు. బంగారం పెట్టి, అడంగల్ (ఊరి సాగు లెక్క) చూపించి, తక్కువ వడ్డీకి. ఆ డబ్బు పొలంలోకి ఎన్నడూ వెళ్లలేదు. అదే సర్వే నంబరు మీద కౌలు రైతుకి ఇంకో రుణం ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. సంతకం పెడితే మీ రుణం ఆగిపోతుందని మీ బాధ. ఎన్నో ఏళ్లు ఆ కాగితాలు చేతులతో తిప్పినవాణ్ని, అందుకే చెబుతున్నా: పంట వేసేవాడి కోసం ప్రభుత్వం కట్టే వడ్డీ రాయితీ అది. మీకు జీతముంది, హౌసింగ్ లోనుంది, క్రెడిట్ కార్డుంది. దాన్ని వదిలేయండి.

సాగు చేసేవాడి పేరు కాగితం మీద రాస్తే ఏమవుతుందో చూసిన రాష్ట్రం ఉంది. పశ్చిమ బెంగాల్‌లో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో రెవెన్యూ ఉద్యోగులు రాత్రిళ్లు ఊళ్లలో శిబిరాలు పెట్టి, యజమానుల ముందు నోరు విప్పలేని పాలుదార్ల పేర్లు రాసుకున్నారు. దాదాపు 14 లక్షలమంది రికార్డుకెక్కారు. ఆ తర్వాత వరి దిగుబడి పెరిగిందని ఆర్థికవేత్తల అధ్యయనాలు చూపించాయి. వచ్చే ఏడు ఈ పొలం నాకే ఉంటుందని నమ్మకం ఉన్నవాడే గట్టు పోస్తాడు, పశువుల ఎరువు తోలతాడు. బెంగాల్లో సాగు హక్కు వారసులకు కూడా దక్కింది. ఇక్కడ మిమ్మల్ని అడుగుతున్నది 11 నెలల కాగితం మాత్రమే.

ఇంకా దగ్గర్లో చూడాలంటే జహీరాబాద్ వెళ్లండి. 1990ల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి అక్కడి మహిళా సంఘాలు, చాలామంది దళిత ఆడవాళ్లే, బీడుపడ్డ భూముల్ని మళ్లీ సాగులోకి తెచ్చారు. దున్నడానికి, ఎరువుకి రైతుకి అప్పిచ్చి, దాన్ని జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నల్ని ఊళ్లోనే గరిసెల్లో నిల్వ చేసి, పనులు లేని నెలల్లో తక్కువ ధరకి అమ్మారు. ఎవరింట్లో ఎంత లేమి ఉందో ఊరి వాళ్లే కూర్చుని తేల్చారు, మండలాఫీసు జాబితాతో పనిలేకుండా. కొన్ని సంఘాలు ఉమ్మడిగా భూమి కౌలుకి తీసుకున్నాయి. జొన్న, కంది, కొర్ర, అనుము ఒకే చేలో వేసుకున్నారు కాబట్టి ఇంట్లో సంగటితో పాటు పప్పు కూడా ఉంది. 2019లో ఈ పనికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. అన్నదానం చేయదలచినవాళ్లు ఇలాంటి సంఘానికి పదెకరాలు ఐదేళ్ల కౌలుకి రాసివ్వడం గురించి ఎందుకు ఆలోచించకూడదో నాకు అర్థం కాదు.

చెరువుల గురించి రెండు ముక్కలు. భీమవరం, కైకలూరు వైపు పొలం ఉన్నవాళ్లకి ఫోన్లు వస్తూనే ఉంటాయి, రొయ్యల చెరువు తవ్వుకుంటాం, వరికిచ్చే కౌలుకి ఎన్నో రెట్లు ఇస్తాం అని. ఒప్పుకోవద్దని నేనంటే మీరు వినరు, వినాల్సిన పనీ లేదు. అయితే మీ ఎకరం చెరువైతే పక్క ఎకరం చౌడు బారుతుంది, ఊరి బోరులో నీళ్లు ఉప్పగా మారతాయి. నాట్లకూ కలుపుకూ వెళ్లే ఆడకూలీలకు ఆ చెరువు గట్టు మీద పని ఉండదు. తీరప్రాంత పొలాల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. పొలం మీదే అయినా నీళ్లు ఊరందరివీ. పక్కవాళ్లను అడక్కుండా, చేస్తున్న కౌలుదారుకి ఒక్క పంట గడువైనా ఇవ్వకుండా పొక్లెయిన్ దించకండి.

కౌలు రైతు మిమ్మల్ని నోరు తెరిచి సంతకం అడగడు. "అడిగితే వచ్చే ఏడు ఇంకోళ్లకి ఇచ్చేత్తారండి" అంటారు మా వైపు. మీరు సంక్రాంతికి దిగినప్పుడు కొబ్బరి బొండాలు కొట్టి, "బాబుగారు బావున్నారా" అంటాడే తప్ప కార్డు మాట ఎత్తడు. కాబట్టి ముందు మీరే అనాలి. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో ఒప్పంద పత్రం ఇస్తారు. వివరాలు వ్యవసాయ సహాయకుణ్ని, వీఆర్వోని అడిగితే చెబుతారు. తెలంగాణలో కౌలుదార్లకి ఇలాంటి కార్డు అందడం లేదు కాబట్టి, అక్కడ పొలం ఉన్నవాళ్లు తెల్ల కాగితం మీదైనా కౌలు ఎంత, ఎన్నాళ్లు అన్నది రాసి, మీ ఖాతాలో పడే రైతు భరోసా సొమ్ము పొలం చేసేవాడి చేతికివ్వండి. ఎకరానికి ఏటా ప్రభుత్వం ఇచ్చే ఆ డబ్బు సాగు పెట్టుబడి కోసమే.

కౌలు మాట కూడా. వరదకో తుపానుకో పంట పోయిన ఏడు ముప్పై బస్తాలూ వసూలు చేయొద్దు. పండినదాంట్లో మూడో వంతో, ఎంతో, పంటతో పాటు పెరిగేలా తగ్గేలా ముందే రాసుకోండి. అలా రాసుకుంటే ఒక ఏడు మీకు పదివేలు తగ్గొచ్చు.

తెలుగు సంఘాల పెద్దలకు ఒక మనవి. మీ సభలకు మంత్రుల్ని, ఎమ్మెల్యేల్ని పిలుస్తారు, శాలువాలు కప్పుతారు. ఈసారి పిలిచినప్పుడు కౌలుదారుని యజమాని సంతకం లేకుండానే గ్రామసభలో గుర్తించే పద్ధతి మళ్లీ ఎప్పుడు తెస్తారని అడగండి. 2011 చట్టం ఆ దారిలోనే నడిచింది, మొదటి ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ఐదు లక్షలకు పైగా రుణ అర్హత కార్డులిచ్చారు. పొలం గలవాళ్లే ఈ మాట అడిగితే ఏ మంత్రీ ఓట్ల లెక్క చూపించి తప్పించుకోలేడు.

జూన్‌లో కాలవలకు నీళ్లొదులుతారు. నారుమడి పోసేలోపు కార్డు చేతిలో ఉంటేనే బ్యాంకులో సార్వా అప్పు పుడుతుంది. ఆలస్యమైతే మందుల కొట్టే గతి. ఈ ఉత్తరం చదివినవాళ్లు మే నెల దాటకుండా మీ కౌలుదారుకి ఒక ఫోన్ చేయండి.

ఇట్లు,
పొలం కౌలుకిచ్చిన మీలో ఒకడు